మా కొట్టు మీకెలా తెలిసింది?

జూన్ 4

రోజూ రాసుకోమన్నారు గడ్డం సారు. ఫోన్లో పాఠాలు చెప్పే మనిషి ఆయన. తీరిక లేని చిన్న కొట్లవాళ్ళు మార్కెటింగ్ ఎలా చేసుకోవాలో పద్నాలుగు పాఠాల్లో చెబుతారు. పేరు ఏదో ఉంది గానీ ఆ గడ్డం ముందు నిలవలేదు. రాసినదాన్ని రోజూ పోస్టు కూడా చెయ్యాలట. అది మాత్రం చెయ్యను. ఇది నా ఒక్కదానికే.

మొదటి పాఠం హోంవర్కు: మీ కొట్టు గురించి నాలుగు ముక్కలు రాయండి.

మాది బ్యాగుల రిపేరు కొట్టు. నాదీ, అక్కదీ. రెండు కుట్టు మెషిన్లు, ఒక కౌంటరు, గోడ నిండా వేలాడే జిప్పులు, రోడ్డుకి అవతల బస్టాపు. జిప్పు పోయినా, పెట్టె చక్రం ఊడినా, హ్యాండిల్ తెగినా మా దగ్గరికి వస్తారు. అక్క పందొమ్మిదేళ్ళ నుంచి కుడుతోంది. నేను పద్నాలుగేళ్ళ నుంచి.

అయిదో ముక్క కూడా రాసేస్తాను. రెండు వారాల కిందట నా ఎడమ చూపుడు వేల్లోకి మెషిన్ సూది దిగింది. డాక్టరు పది రోజులు కుట్టొద్దన్నాడు. ఆ పది రోజుల్లో పాఠాలన్నీ చూసేశాను. కీడులో మేలు. వేలు బాగానే ఉంది.

జూన్ 5

రోజుకి పదమూడు పనులు. పెద్ద అట్ట మీద స్కెచ్ పెన్నుతో రాశాను. పొద్దున్నే శుభోదయం పోస్టు. పదకొండింటికి పని ఫోటో. మధ్యాహ్నం ఒక చిట్కా. నాలుగింటికి వీడియో. గ్రూపులు నాలుగు, ఒక్కో గ్రూపులో రెండు మెసేజీలు. కామెంట్లకి గంటలోపు జవాబు. పాత కస్టమర్లు అయిదుగురికి పలకరింపు. ఇంకా ఉన్నాయి, అట్ట మీద ఉన్నాయిగా, ఇక్కడెందుకు.

ఆ అట్టని నా మెషిన్ మూతకి అంటించాను.

"అక్కడెందుకే?" అంది అక్క.

"ఎదురుగా ఉంటే కనబడుతుంది."

"మూత తీస్తే?"

"ఇప్పుడు తియ్యట్లేదుగా."

అక్క దారం కొరికి మళ్ళీ పెడల్ తొక్కింది. నేను ఫోటో తియ్యడానికి బయటికి వెళ్ళాను. మెషిన్ నడుస్తున్నప్పుడు లోపల వెలుతురు సరిపోదు.

జూన్ 7

పదమూడింటిలో తొమ్మిది చేశాను. అక్క ఆరు జిప్పులు, రెండు హ్యాండిళ్ళు, ఒక చక్రం.

జూన్ 9

వీడియో తీశాను. పాత జిప్పు విప్పడం, కొత్తది పెట్టి కుట్టడం, చివర సర్రున లాగి చూపించడం. చేతులు అక్కవి, గొంతు నాది.

"కొంచెం మెల్లిగా కుట్టక్కా, కెమెరాకి అందట్లేదు."

"బ్యాగు కోసం కుట్టాలా, కెమెరా కోసమా?"

"ఒక్క నిమిషం."

"అయితే నా వేళ్ళకి గోరింటాకు పెట్టుకు రానా?"

ఒక్క నిమిషం వీడియోకి గంటా పది నిమిషాలు పట్టింది. ఆ గంటలో ఒకావిడ వచ్చి, గుమ్మంలో నిలబడి, మేం ఏదో షూటింగులో ఉన్నామనుకుని వెళ్ళిపోయిందట. తాళాల బాబాయి చెప్పాడు. మా పక్క కొట్టాయన. తాళాలు బాగుచేస్తాడు, మారుతాళాలు చేస్తాడు, మిగిలిన టైమంతా మా కొట్టులోకి చూస్తాడు.

212 మంది చూశారు! వాళ్ళంతా ఎవరో? వాళ్ళలో ఎంతమందికి బ్యాగులు చిరిగి ఉంటాయి?

ఇంటికొచ్చాక మా ఆయనకి చూపించాను. "బాగుంది, ఎవరీవిడ?" అన్నారు నా గొంతు విని.

జూన్ 12

ఊరి చివర బ్యాగుల ఫ్యాక్టరీలో సూపర్వైజరు ఒకావిడ తన సొంత బ్యాగు పట్టి కుట్టించుకోడానికి వచ్చింది. రోజుకి వందల బ్యాగులు కుట్టించే మనిషికి తన బ్యాగు కుట్టేవాళ్ళు లేరట. అక్క కుట్టాక ఆవిడ ఆ కుట్టు తిరగేసి చూసింది, బోర్లేసి చూసింది, గోటితో గీకి చూసింది. "మా దగ్గరికి వస్తారా? కొత్తవాళ్ళకి నేర్పడానికి మనిషి కావాలి" అంది.

"ఆలోచిస్తానండీ" అంది అక్క.

ఆవిడ వెళ్ళాక నేను నవ్వాను. అక్క నవ్వలేదు.

కొట్టు సరిగ్గా నడవట్లేదని అక్క బెంగ. అంతకన్నా ఏముంటుంది? నేను నడిపిస్తాను. రేపట్నుంచి పద్నాలుగో పని: కరపత్రాలు.

జూన్ 13

కరపత్రాలు బస్టాపులో పంచాను. నలభై. వాటిలో ఓ ముప్పై బస్టాపులోనే ఉన్నాయి, కింద.

"క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు" అంది అక్క. సామెతలు చెప్పడం చాలా సులువు.

జూన్ 14

నీలం పెట్టె ఒకటి వచ్చింది. చక్రాలు రెండూ పోయాయి, లోపలి గుడ్డ చిరిగింది, మూత మీద పసుప్పచ్చ పువ్వు స్టిక్కరు. తెచ్చినావిడ నర్సు, ఆస్పత్రి చీరలోనే ఉంది. ముప్పై దాటి ఉండవు. "గట్టి చక్రాలు వెయ్యండి, దూరం పోవాలి" అంది. ఎక్కడికండీ అంటే నవ్వి ఊరుకుంది.

అక్క చక్రాలు మారుస్తుంటే వీడియో తీశాను. ఇంత బాగా ఎప్పుడూ రాలేదు. మొదట చక్రాలు లేకుండా కుంటుతూ వచ్చే పెట్టె, తరవాత గచ్చు మీద జర్రున జారిపోయే పెట్టె. కింద రాశాను: "ఈ నీలం పెట్టె ఎక్కడికో బయల్దేరుతోంది! దూర ప్రయాణమట! ఎక్కడికో చెప్పుకోండి చూద్దాం!"

జూన్ 15

1,900 మంది!! కామెంట్లు నలభై మూడు. అన్నింటికీ జవాబులిచ్చాను. ఒకాయన చంద్రుడి మీదికి అని రాశాడు.

కొట్టుకి వచ్చినవాళ్ళు ఏడుగురు. నిన్న ఎనిమిది.

వేలు బాగానే ఉంది. అక్క అడిగింది కాబట్టి రాస్తున్నాను.

జూన్ 16

తాళాల బాబాయికి వీడియో చూపించాను. ఫోన్ని చెయ్యంత దూరం పెట్టి మూడుసార్లు చూశాడు.

"బాగుందమ్మాయ్. మరి వీళ్ళంతా ఎప్పుడొస్తారు?"

"వస్తారు బాబాయ్. నమ్మకం కుదరాలి. సారు చెప్పారు, ఒక మనిషి మనల్ని ఏడుసార్లు చూస్తేగానీ రాడట."

"ఓహో. మరి రోజూ వచ్చేవాళ్ళు ఎన్నిసార్లు చూసి వస్తున్నారు?"

"అంటే?"

"పొద్దున్న ఆ ఎర్ర బ్యాగాయన వచ్చాడుగా. ఆయనకి మీ కొట్టు ఎలా తెలిసిందట?"

నాకు తెలియదు.

"అడగలేదా?"

అడగలేదు. పద్నాలుగేళ్ళలో ఒక్కరిని కూడా. చక్రం ఎక్కడ ఊడింది, జిప్పు ఎప్పుడు పోయింది, లోపల ఏం బరువు మోశారు, ఇవన్నీ అడుగుతాం. ఇదొక్కటీ అడగలేదు. ఎందుకడగలేదా అని సాయంత్రందాకా అదే ఆలోచన. నాలుగింటి వీడియో మర్చిపోయాను.

జూన్ 17

అడిగాను! తొమ్మిది మందిని. బిల్లు రాస్తూ, "మా కొట్టు మీకెలా తెలిసిందండీ?" అని. ఒక్కొక్కరూ కాస్త కంగారు పడి, తరవాత చాలా చెప్పారు.

"మా వదిన చెప్పింది."

"బస్సు తప్పిపోయిందండీ. బస్టాపులో నిలబడి మీ బోర్డే చదువుతూ ఉండిపోయా."

"బస్సు టికెట్ల కౌంటర్లో ఆయన లేడూ, ఆయన పంపాడు. నా బ్యాగు పట్టి ఆయన కళ్ళ ముందే తెగింది."

"మా ఆవిడ పంపింది. ఎలా తెలుసని నేను ఆవిడని అడగలేదు, అడగను కూడా."

ఒక ముసలాయన అయితే, "తాళం బాగుచేయించుకుందామని వచ్చా. పక్కన మీరున్నారు. ఇంటికెళ్ళి చిరిగిన సంచి వెతికి తెచ్చా" అన్నాడు.

ఇంత బాగుంటుందని తెలిస్తే ఎప్పుడో అడిగేదాన్ని. ఒక్కో మనిషి వెనక ఇంకో మనిషి ఉన్నాడు. ఆ మనిషి వెనక ఇంకెవరున్నారో! రేపటి నుంచి గీతలు పెట్టి లెక్క రాస్తాను.

జూన్ 18

రాయబుద్ధి కావట్లేదు. రాయాలి.

నర్సు పెట్టె కోసం వచ్చింది. చక్రాలు చూసుకుంది, లోపలి గుడ్డ చూసుకుంది. బాగుందంది. నేను నవ్వుతూ, "మీ పెట్టె ఎంత ఫేమస్సయిందో చూశారా?" అన్నాను. నా నోరు పడిపోను.

"చూశానండీ" అంది.

కుర్చీలో కూర్చుని, పెట్టె మీద రెండు చేతులూ పెట్టుకుంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"వేరే ఊళ్ళో పెద్దాస్పత్రిలో ఉద్యోగం వచ్చింది నాకు. ఇంట్లో అమ్మా నేనే. అమ్మతో ఎలా చెప్పాలా అని రోజూ రాత్రి మాటలు కూర్చుకుంటున్నాను. ఆదివారం చెబుదామనుకున్నా. ఆ పువ్వు స్టిక్కరు అంటించింది మా అమ్మే. మా వీధిలో ఒకావిడ మీ వీడియో చూసి, మా అమ్మ దగ్గరికెళ్ళి, 'మీ అమ్మాయి దూరం పోతోందటగా, ఎక్కడికి?' అని అడిగింది."

"అయ్యో..."

"అమ్మ ఆవిడతో, 'అవును, నాకు తెలుసు' అందట. ఇంటికొచ్చాక నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నేను చెప్పాల్సింది మీ వీడియో చెప్పిందండీ."

క్షమించమన్నాను. వీడియో అప్పటికప్పుడు తీసేశాను. తీసేసినా, చూసిన రెండు వేలమంది కళ్ళల్లోంచి తీసెయ్యలేను. ఆవిడ "సరేలెండి" అని పెట్టె లాక్కుంటూ వెళ్ళిపోయింది. చక్రాలు చప్పుడు లేకుండా తిరిగాయి.

అక్క నావైపు చూడలేదు. నీళ్ళ గ్లాసు మాత్రం కౌంటరు మీద పెట్టింది.

జూన్ 19

ఏమీ పోస్టు చెయ్యలేదు.

జూన్ 20

ఏమీ పోస్టు చెయ్యలేదు. ఎనిమిది మంది వచ్చారు.

అదేమిటి?

జూన్ 21

ఇంకో వారం పోస్టులన్నీ ఆపేసి చూస్తాను. సిగ్గుతో కాదు. అంటే, సిగ్గు ఉంది. కానీ అసలు సంగతి ఏమిటో తెలుసుకోవాలని ఉంది. వచ్చేవాళ్ళు తగ్గితే సారు చెప్పింది నిజం. తగ్గకపోతే?

జూన్ 22

తొమ్మిది.

ఇన్నాళ్ళూ ఊపిరాడలేదు, ఇప్పుడు మధ్యాహ్నం మూడు గంటలు ఖాళీ. జిప్పులు రంగుల వారీగా సర్దాను. తరవాత సైజుల వారీగా సర్దాను. అక్క ముందు నాలుగు బ్యాగులు పేరుకుని ఉన్నాయి. నా మెషిన్‌కి నూనె వెయ్యాలి. రేపు వేస్తాను.

జూన్ 23

ఎనిమిది. నూనె రేపు.

జూన్ 25

లెక్క తేలింది. తొమ్మిది రోజుల్లో అరవై మూడు మందిని అడిగాను. ఎవరో తెలిసినవాళ్ళు చెబితే వచ్చినవాళ్ళు ఇరవై ఏడుగురు. బస్టాపు నుంచి బోర్డు చూసి పదహారు. టికెట్ల కౌంటరాయన పంపితే తొమ్మిది. ఇదివరకు వచ్చినవాళ్ళే మళ్ళీ వచ్చింది ఎనిమిది. తాళాలకోసం వచ్చి మమ్మల్ని చూసింది ముగ్గురు.

వీడియో చూసి: సున్నా.

శుభోదయం పోస్టు చూసి: సున్నా. కరపత్రం: సున్నా.

ఏడుపు రావాలి కదా? రాలేదు. ఏదో పాత బ్యాగు అడుగు విప్పితే లోపల ఇంకో అర కనబడినట్టుంది. టికెట్ల కౌంటరాయన ఎవరో కూడా నాకు తెలియదు! వెళ్ళి చూశాను. లావాటి కళ్ళజోడు. నాలుగేళ్ళ కిందట అక్క ఆయన టిఫిను సంచికి జిప్పు వేసిందట. "మీ అక్కయ్యగారు కుట్టాక నా ముందే పదిసార్లు లాగి చూపించారమ్మా. పదిసార్లు! అప్పట్నుంచీ ఎవరి బ్యాగు చిరిగినా మీ దగ్గరికే తోలుతున్నా" అన్నాడు.

అక్క అలా లాగి చూపించడం నేను పద్నాలుగేళ్ళుగా చూస్తున్నాను. ఎందుకంత సేపు అని విసుక్కున్నాను కూడా.

అక్కణ్ణించి తాళాల బాబాయిని పిలిచి, బస్టాపులో నిలబడి మా బోర్డు చూశాను. ఇన్నేళ్ళలో అవతల నుంచి ఎప్పుడూ చూడలేదు. ఎండకి కట్టిన పట్టా సగం జారి ఒక అక్షరాన్ని కప్పేసింది. 'బ్యాగుల రిపేరు' కాస్తా 'బ్యాగుల పేరు' అయింది.

"అందుకే మొన్నొకాయన వచ్చి, ఇక్కడ బ్యాగులకి పేర్లు పెడతారా అనడిగాడు. పిచ్చివాడనుకున్నా" అన్నాడు బాబాయి.

ఇద్దరం బస్టాపులో నిలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాం. బస్సు ఎక్కుతారా లేదా అని కండక్టరు కేకేశాడు.

జూన్ 26

పట్టా పైకి కట్టాను. బోర్డు తుడిచాను. పదిహేను నిమిషాల పని.

జూన్ 27

అట్ట చించేశాను. కొండని తవ్వి ఎలుకని పట్టినట్టు, పద్నాలుగు పనులూ పోయి మూడు మిగిలాయి. బోర్డు శుభ్రంగా ఉంచడం. బాగుచేసిన ప్రతి బ్యాగు లోపలి అరలో కొట్టు నంబరున్న చీటీ ఒకటి పెట్టడం, ఎవరికైనా చెప్పాలంటే చేతికందేలా. సోమవారం అరగంట, బ్యాగు తీసుకుని నెలైనవాళ్ళకి "జిప్పు ఎలా ఉందండీ?" అని ఒక్క మెసేజి. అంతే. వీడియో తియ్యాలనిపిస్తే బ్యాగు యజమానిని అడిగి తీస్తాను. అనిపించకపోతే మానేస్తాను.

అక్కకి గొప్పగా చెప్పాను. అక్క అంతా విని, దారం తెంపి, కుర్చీ నావైపు తిప్పింది.

"బాగుంది. ఇప్పుడు వారానికి అరగంట చాలు కదా?"

"చాలు."

"మరి మిగతా టైములో మెషిన్ ఎందుకు తియ్యట్లేదు?"

"నూనె వెయ్యాలక్కా..."

"మొన్న నేనే వేశా."

"వేలు బాగానే ఉంది, నాకేం భయం లేదు" అన్నాను.

"భయమని నేనన్నానా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. బయటికి వెళ్ళిపోయాను. బాబాయి తాళాలు రాకుతుంటే అరగంట చూస్తూ నిలబడ్డాను.

రాస్తున్నాను. ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను కాబట్టి. ఆ రోజు నొప్పి తరవాత వచ్చింది. ముందు టక్కుమని చప్పుడు వచ్చింది. నా ఎముకకి సూది తగిలిన చప్పుడు. అక్క మెషిన్ తొక్కినప్పుడల్లా అదే వినబడుతోంది. అందుకే ఫోటోకి వెలుతురు లేదన్నాను. అందుకే గ్రూపులు, కరపత్రాలు, శుభోదయాలు. పదమూడు కాదు, ముప్పై ఉన్నా చేసేదాన్ని. ఆడలేక మద్దెల ఓడన్నదని ఊరికే అనలేదు.

జూన్ 28

అక్క రేపు ఫ్యాక్టరీకి వెళ్ళి జవాబు చెప్పాలట.

"కొట్టు నడవట్లేదనేనా అక్కా?"

"కొట్టుకేమే, దివ్యంగా నడుస్తోంది. ఇద్దరి పనీ ఒక్కదాన్నే కుట్టి నా నడుమే నడవట్లేదు."

తరవాత ఇంకెవరి గురించో చెబుతున్నట్టు అంది: "పందొమ్మిదేళ్ళుగా ఎవరో కుట్టినవి విప్పుతున్నా. రోజుకి అయిదొందల బ్యాగులు ఎలా కుడతారో ఒక్కసారి చూడాలనుంది. నీ వేలు మానేదాకా ఆగుదామనుకున్నా. మానింది. నువ్వు చెప్పలేదంతే."

అక్కకీ ఏదో తెలుసుకోవాలని ఉంటుందని నాకెందుకు తోచలేదు?

జూన్ 29

అంతా వరసగా రాయాలి.

అక్క పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్ళింది, మధ్యాహ్నం దాటాక వస్తానంది. నేను బ్యాగులు తీసుకుంటూ, రేపు రమ్మని చెబుతూ కూర్చున్నాను. పన్నెండింటికి ఒక పెద్దావిడ వచ్చింది. తెల్ల జుట్టు, నీటుగా దువ్వుకున్న ముడి. చేతిసంచి కౌంటరు మీద పెట్టింది. జిప్పు ఒక పక్కంతా ఊడిపోయింది.

"మూడింటి బస్సుకి వెళ్ళాలమ్మా. ఇప్పుడే కావాలి."

"అక్క లేదండీ, సాయంత్రానికైతే..."

"మూడింటికి బస్సు" అంది మళ్ళీ, చిన్నపిల్లకి చెప్పినట్టు.

ఏం చెయ్యాలో తోచక బిల్లు పుస్తకం తీసి, అలవాటుకొద్దీ అడిగాను. "మా కొట్టు మీకెలా తెలిసిందండీ?"

"ఫోన్లో చూశా. నీలం పెట్టె వీడియో."

నా చేతిలో పెన్ను అలాగే ఆగిపోయింది. అరవై మూడు మందిని అడిగి సున్నా వేసుకున్న చోట, ఒకే ఒక్క మనిషి. ఆవిడ.

"మీరు... నర్సుగారి అమ్మగారా?"

"ఆ. ఆ మాటలు రాసింది నువ్వేనా?"

"నేనేనండీ. తప్పు చేశాను."

"తప్పే" అంది. స్టూలు లాక్కుని కూర్చుంది. "మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. నీ మీద కోపం లేదని అననులే, ఉంది. దాని మీద ఇంకా ఎక్కువ ఉంది. నేను వద్దంటానని ఎందుకనుకుంది? అసలు అడిగి చూడొచ్చుగా!" ఊడిన జిప్పుని సంచి మీద సర్దింది. "దాన్ని దిగబెట్టి, ఓ వారం ఉండి, గది సర్ది వస్తాను. ఆ పెట్టె చక్రాలు గట్టివేనా?"

"మా అక్క వేసింది. పదేళ్ళు మన్నుతాయి."

"మరి ఇది నువ్వెయ్యలేవా? నీకు రాదా?"

"వచ్చండీ" అన్నాను. "పద్నాలుగేళ్ళుగా వచ్చు."

మూత తీశాను. అట్ట చించిన చోట జిగురు మరకలు నాలుగు ఉన్నాయి. పాత కుట్లు విప్పాను, కొత్త జిప్పు కొలిచి కోశాను, దారం ఎక్కించాను. అన్నీ సజావుగా చేశాను. వేలు సూది పక్కన పెట్టాను. తీసేశాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీసేశాను.

ఆవిడ వంగి చూసింది. వేలి మీద మచ్చ చూసింది.

"సూది దిగిందా?"

తలూపాను.

"మోటారు ఆపెయ్. చేత్తో తిప్పుకో చక్రం."

"ఒక చెయ్యి చక్రానికిస్తే జిప్పు పక్కకి జారిపోతుందండీ. రెండు చేతులూ కావాలి."

"తిప్పడానికి నేను లేనూ?"

స్టూలు మెషిన్ పక్కకి జరుపుకుని, పెద్దావిడ చక్రం మీద చెయ్యి వేసింది. "తిప్పనా?" అంది. "తిప్పండి" అన్నాను. ఒక కుట్టు. "తిప్పనా?" "తిప్పండి." ఇంకో కుట్టు. సూది మెల్లిగా దిగుతూ, మెల్లిగా లేస్తూ, నా వేలికి రెండు బియ్యపు గింజల దూరంలో. ఇంత మెల్లిగా సూదిని నేనెప్పుడూ చూడలేదు. కింది దారం పైకెలా వస్తుందని ఆవిడ అడిగింది. బాబిన్ చూపించాను. రెండు దారాలు మధ్యలో ఎక్కడ ముడిపడతాయని అడిగింది. చెప్పబోయి, నాకే సరిగ్గా తెలియదని తెలుసుకుని, ఇద్దరం ఆగి, సూది కింది పలక తీసి, లోపలికి టార్చి వేసి చూశాం. కొక్కెం ఒకటి చుట్టూ తిరిగి పైదారాన్ని కింది దారం చుట్టూ తిప్పి వదులుతోంది. పద్నాలుగేళ్ళు!

"భలే ఉందే" అంది ఆవిడ.

ఒక పక్క అయ్యేసరికి నలభై నిమిషాలు. ఆవిడ చెయ్యి నొప్పెట్టి విదిలించుకుంది. గడియారం చూసుకుంది, నన్ను చూసింది.

"రెండో పక్క నేను కుడతాను. మీరు కూర్చోండి."

మోటారు వేశాను. పెడల్ మీద కాలి బొటనవేలు మాత్రమే ఆనించాను. చప్పుడు వచ్చింది. మెషిన్ చప్పుడే. జిప్పు చివరిదాకా వెళ్ళాను, తిరగేసి ముడి వేశాను, దారం కొరికాను. ఆవిడ ముందు జిప్పు పదిసార్లు లాగి చూపించాను. ఆవిడ తీసుకుని పదకొండోసారి తనే లాగింది.

చీటీ లోపల పెడుతుంటే ఏమిటని అడిగింది. చెప్పాను. "ఇంకోటి ఇయ్యి, దాని హాస్టల్లో అతికిస్తా" అంది. "అంత దూరం నుంచి ఎవరొస్తారండీ?" అంటే, "నేను రాలా?" అంది.

రెండుంబావుకి వెళ్ళిపోయింది. నా ఒళ్ళంతా చెమట. బాబాయి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఎప్పట్నుంచో తెలియదు. టీ తెప్పించాడు.

అక్క వచ్చేసరికి మూడో బ్యాగు కుడుతున్నాను. గుమ్మం దగ్గరే ఆగి కాసేపు చప్పుడు వింది. లోపలికొచ్చి చెప్పులు విడుస్తూ, "ఒప్పుకున్నానే" అంది.

"మంచి పని చేశావక్కా" అన్నాను. నిజంగానే అన్నాను.

జూలై 2

నాలుగు జిప్పులు. మధ్యలో ఒకసారి భయం వేసింది. ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ కుట్టాను.

జూలై 6

సోమవారం. అరగంటలో మెసేజీలు అయిపోయాయి, అలారం పెట్టుకుని మరీ. పన్నెండు మందికి పంపితే ఏడుగురు జవాబిచ్చారు. ఒకావిడ, "జిప్పు బాగుంది, ఇప్పుడు బ్యాగే పోయింది" అని రాసింది.

గడ్డం సారు కొత్త పాఠాలు పెట్టారు. మొదటిది చూశాను. ఇరవై ఒక్క పనులట. ఆయనెప్పుడు తింటారో!

జూలై 13

అక్క మొదటి రోజు ఫ్యాక్టరీకి వెళ్ళింది. కొట్టులో రోజంతా ఒక్కదాన్నే ఉండటం ఇదే మొదలు. ఒక్క మెషిన్ చప్పుడు ఇంత చిన్నదా? మధ్యాహ్నం అక్క ఫోన్.

"జిప్పు వెయ్యడానికి ఎంతసేపో చెప్పు చూద్దాం."

"అయిదు నిమిషాలు?"

"పదకొండు సెకన్లే! నేను చేత్తో గడియారం పట్టుకుని చూశా."

"వంకర రాదా? ఎవరు పట్టుకుంటారు? సూదులెన్ని? విరిగితే?"

"ఊపిరి తీసుకోవే" అంది అక్క. తన గొంతులో ఊపిరే లేదు.

జూలై 18

ఈరోజు అక్కకి సగం పూటే. నేరుగా కొట్టుకి వచ్చింది. సంచిలోంచి కొత్త బ్యాగు ఒకటి తీసి కౌంటరు మీద పెట్టింది. పట్టీ వంకరగా ఉందని తీసిపారేశారట, అడిగి తెచ్చుకుంది.

"లోపలా బయటా చూడు. మొదటి అతుకు ఎక్కడుందో చెప్పు."

తిరగేశాను. వేలితో అంచులన్నీ తడిమాను. చూపుడు వేలు ఇప్పుడు వాన పడితే కొంచెం జివ్వుమంటుంది, అంతే. అతుకు దొరకలేదు.

"అయిదు రోజుల్నుంచి చూస్తున్నా, నాకూ తెలియలేదు. నా చేతుల మీదుగా వెళ్ళేసరికే మూసేసి ఉంటుంది" అంది అక్క. "అడిగితే చెబుతారు. అడగబుద్ధి కాలేదు."

కుట్లు విప్పే కత్తి తీశాను. అక్క టార్చి పట్టుకుంది. అడుగు మూల నుంచి మొదలెడదామని తను, జేబు దగ్గర నుంచని నేను. జేబు దగ్గర విప్పితే గుడ్డ, గుడ్డ కింద ఇంకో గుడ్డ. అక్క "ఆగాగు, ఆ దారం రంగు వేరు" అంది. ఇద్దరి తలలూ ఠంగున కొట్టుకున్నాయి.

ఇంతలో ఒకాయన పెట్టె లాక్కుంటూ వచ్చాడు. రెండు నిమిషాలు కూర్చోమన్నాం. ఆయన కూర్చోలేదు. కాసేపు చూసి, కళ్ళజోడు పెట్టుకుని, మా ఇద్దరి మధ్య నుంచి వంగాడు.

"ఇంతకీ ఏం వెతుకుతున్నారండీ?"

"ఎక్కడ మొదలుపెట్టారా అని" అంది అక్క, తల ఎత్తకుండా.